ఫొటో ఎడిటింగ్ సిస్టమ్: డబ్బు గ్రాఫిక్స్ కార్డుకా, మానిటర్‌కా?

పోయిన నెల మా చిన్నాన్న కొడుకు జనగామ నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, షాపులో కొటేషన్ రాయించుకున్నా. వాట్సాప్‌లో పెట్టాను, ఒకసారి చూసి చెప్పవా" అన్నాడు. పెళ్లిళ్లకు, సీమంతాలకు ఫొటోలు తీస్తుంటాడు. ఇన్నాళ్లూ ఎడిటింగ్, ఆల్బమ్ డిజైనింగ్ బయట చేయించేవాడు. ఇక ఇంట్లోనే చేసుకుందామని డెబ్బై వేలు పక్కన పెట్టుకున్నాడు. నేను ఖమ్మంలో ఇంటి నుంచే ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను కాబట్టి నన్ను అడిగాడు.

ఆ కొటేషన్‌లో ఉన్నవి ఇవీ: ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 27 అంగుళాల వంపు మానిటర్, లైట్లు వెలిగే గాజు క్యాబినెట్. అంత మొత్తంలోనే నేను ఇంకో లిస్టు రాసి పంపాను. ఎఫ్ లేని ఐ5-12400, ఒకే స్టిక్‌గా 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్ (పక్క నుంచి చూసినా రంగు అంతగా మారని తెర), మామూలు క్యాబినెట్, మంచి ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా), చిన్న యూపీఎస్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ఎఫ్ లేని ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ చిప్ ఉంటుంది.

"కార్డు లేకుండా ఫొటోషాప్ నడుస్తుందా అక్కా?" అన్నాడు వెంటనే. నడుస్తుంది. డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే ఆల్బమ్ షీట్ సంగతి చూడాలి.

మన దగ్గర కరిజ్మా షీట్ అంటే 12×36 అంగుళాలు. 300 డీపీఐలో తెరిస్తే అది 3600×10800 పిక్సెళ్లు, అంటే దాదాపు 3 కోట్ల 90 లక్షలు. ఒక్క లేయర్‌కే మెమరీలో 115 ఎంబీ పైన పోతుంది. బ్యాక్‌గ్రౌండ్ మీద పూల డిజైన్, దాని మీద నాలుగైదు ఫొటోలు, నీడలు, పేర్లు పెట్టేసరికి ఒకటిన్నర జీబీ దాటడం మామూలే. పక్కన ఫొటోల రంగులు దిద్దే లైట్‌రూమ్, ప్రింటు ల్యాబ్‌కి ఫైళ్లు పంపడానికి బ్రౌజర్ కూడా తెరిచి ఉంటాయి. ఇంకా విండోస్ తినేది ఉండనే ఉంది. ఫొటోషాప్‌కి కనీసం 8 జీబీ, సిఫార్సు చేసేది 16 జీబీ అని అడోబ్ వాళ్లే చెబుతారు. 8 జీబీతో షీట్ పని చేస్తే ప్రతి అన్‌డూకీ సిస్టమ్ ఆగి ఆగి కదులుతుంది. అక్కడ ఎంత మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నా ఆ ఆగడం పోదు. ర్యామ్ చాలక ఎస్‌ఎస్‌డీ మీదికి రాస్తూ, మళ్లీ చదువుకుంటూ ఉంటుంది కాబట్టే ఆ ఆలస్యం.

ఇక మానిటర్. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

నా మొదటి ఆల్బమ్ ఒక పాత టీఎన్ ప్యానెల్ (చవక రకం తెర) మీద చేశాను. దాంట్లో తెలుపు కొంచెం నీలంగా కనిపించేది. రోజూ చూసే తెర కాబట్టి కళ్లకు అదే తెలుపుగా అలవాటైపోయింది. పెళ్లికూతురి ముఖం పాలిపోయినట్టుందని ప్రతి ఫొటోలోనూ టెంపరేచర్ (రంగుల్లో పసుపుదనం) కాస్త కాస్త పెంచుకుంటూ పోయాను. షీట్లు ప్రింటై వచ్చాక చూస్తే తలంబ్రాల ఫొటోల్లో కూడా అందరి ముఖాలూ మంగళస్నానం నాటి పసుపుతోనే ఉన్నాయి. తెల్లటి పంచె కూడా పచ్చగా తిరిగింది. ల్యాబ్ తప్పేమీ లేదు, వాళ్లు నేనిచ్చిన రంగునే వేశారు. పెళ్లికూతురి అమ్మగారు ఒక్క మాట అనలేదు. రెండు షీట్లు తిప్పి, ఆల్బమ్ మూసి పక్కన పెట్టారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై షీట్లు నా డబ్బుతో మళ్లీ వేయించాను.

అందుకే తమ్ముడికి గట్టిగా చెప్పాను: బడ్జెట్‌లో కనీసం నాలుగో వంతు మానిటర్‌కే పోవాలి. ప్యానెల్ ఐపీఎస్ అయి ఉండాలి, ఎస్‌ఆర్‌జీబీ (ఫొటోలకు మామూలుగా వాడే రంగుల పరిధి) 99 లేదా 100 శాతం అని స్పష్టంగా రాసి ఉండాలి. స్పెసిఫికేషన్లలో ఎన్‌టీఎస్‌సీ అనే పాత టీవీ రంగుల కొలతలో 45 శాతం అని కనిపిస్తే వదిలేయాలి. అది ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండు వంతులు కూడా చూపించదు. కంచిపట్టు చీరలో ఎరుపూ, కుంకుమ రంగూ ఒకటైపోయి మడతలు కనపడవు. రంగు చాల్లేదనుకుని మనం శాచురేషన్ పెంచుతాం, ప్రింటులో అది భగ్గుమంటుంది. ఎన్‌టీఎస్‌సీ 72 శాతం అని ఉంటే ఇంచుమించు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ వస్తుంది. ఆల్బమ్ ల్యాబ్‌లు ఎక్కువగా తీసుకునేవి ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్‌లే కాబట్టి అంతకన్నా ఎక్కువ రంగులు చూపే అడోబ్ ఆర్‌జీబీ మానిటర్ కోసం అప్పు చేయనక్కర్లేదు.

కొటేషన్‌లోని వంపు మానిటర్‌ది వీఏ అనే ఇంకో రకం ప్యానెల్. నలుపు చిక్కగా ఉంటుంది, సినిమా చూడటానికి హాయిగా ఉంటుంది. కానీ తల కొంచెం పక్కకి జరిపితే నీడల్లో వివరం మారిపోతుంది. నల్లటి జడలో వెంట్రుకలు ఇక్కడ నుంచి చూస్తే విడివిడిగా, అక్కడ నుంచి చూస్తే ముద్దగా ఉంటాయి. పైగా మండపం స్తంభాలు నిటారుగా ఉన్నాయో లేదో వంపు తెర మీద చూసి చెప్పడం కష్టం. అది 27 అంగుళాలే కానీ ఫుల్ హెచ్‌డీ. అంత తెర మీద అవే పిక్సెళ్లు సాగదీస్తే అంగుళానికి 82 వస్తాయి. 24 అంగుళాల్లో 92 ఉంటాయి. 27 అంగుళాలే కావాలంటే 2560×1440 తీసుకోవాలి, అప్పుడు 109 వస్తాయి. కాకపోతే దానికి ధర ఎక్కువ. నేను తమ్ముడికి సూచించింది ఏసుస్ ప్రోఆర్ట్ పీఏ248క్యూవీ. 24.1 అంగుళాలు, 1920×1200, ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం, ఫ్యాక్టరీలోనే రంగులు సరిచేసి పంపుతారు. మామూలు తెర కన్నా నిలువులో 120 పిక్సెళ్లు ఎక్కువ, ఫొటోషాప్ ప్యానెళ్లకు అవి బాగా పనికొస్తాయి. ఏ మానిటర్ కొన్నా బ్రైట్‌నెస్ తగ్గించుకోవాలి. డబ్బాలోంచి తీసిన వెలుతురులోనే ఎడిట్ చేస్తే ప్రింట్లు చీకటిగా వస్తాయి.

మరి గ్రాఫిక్స్ కార్డు అసలు అక్కర్లేదా? ఒక పనికి మాత్రం నిజంగా కావాలి. 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్‌లోకి ఏఐ డీనాయిస్ (తక్కువ వెలుతురు ఫొటోల్లో వచ్చే చుక్కలను తీసేసేది) వచ్చింది. మన ముహూర్తాలు సగం రాత్రిపూటే. చీకట్లో ఐఎస్‌ఓ 6400లో తీసిన రా ఫైల్‌కి (కెమెరా దిద్దకుండా ఇచ్చే అసలు ఫైలు) అది చేసే మేలు అంతా ఇంతా కాదు. అయితే ఆ లెక్క మొత్తం గ్రాఫిక్స్ చిప్ మీదే నడుస్తుంది. ప్రాసెసర్‌లో ఉండే చిన్న చిప్‌తో ఒక్కో ఫొటోకి నిమిషాలు పడుతుంది. ఆర్‌టీఎక్స్ కార్డుంటే సెకన్లలో తేలిపోతుంది. ఆల్బమ్‌కి ఎంచుకున్న పాతిక ముప్పై ఫొటోలకైతే రాత్రి పెట్టి పడుకోవచ్చు. ప్రతి పెళ్లికీ మూడొందల ఫొటోలకు చేయాలంటే మాత్రం కార్డు కొనాల్సిందే. రంగులు దిద్దడం, కటింగ్, లేయర్లు, ముఖం మీద మచ్చలు తీయడం లాంటి మిగతా పనులన్నీ కార్డు లేకుండానే సాఫీగా సాగుతాయి.

ఇంకో మాట. కార్డు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు, పావుగంట పని. 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 తీసుకునేది 70 వాట్లే, చాలా మోడళ్లకు ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వైరు కూడా అక్కర్లేదు. ఈలోగా నాలుగు ఆర్డర్లు చేస్తే దాని డబ్బు అదే వస్తుంది. అదే మానిటర్ తప్పుగా కొంటే, మార్చేదాకా చేసిన ప్రతి ఆల్బమ్ మీదా ఆ తప్పు ఉంటుంది.

ప్రాసెసర్ దగ్గర ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. 12400కీ 12400ఎఫ్‌కీ తేడా ఒక్కటే, ఎఫ్ ఉన్నదాంట్లో గ్రాఫిక్స్ ఉండదు. కార్డు చెడిపోతే ఆ సిస్టమ్‌లో తెర మీద బొమ్మే రాదు. పెళ్లిళ్ల సీజన్‌లో కార్డు సర్వీసుకి పోతే చేతులు కట్టుకుని కూర్చోవాలి. రెండింటి మధ్య ధర తేడాకి ఆ టెన్షన్ ఎందుకు? రైజెన్ 5 5600జీ కూడా బాగుంటుంది, దాంట్లో ఉన్న గ్రాఫిక్స్ 12400 కన్నా మెరుగు. కానీ ఫొటోషాప్ పనిలో 12400 కాస్త చురుకు. కొత్త రైజెన్‌లు పట్టే ఏఎం5 మదర్‌బోర్డు తీసుకుంటే ముందుముందు ప్రాసెసర్ మార్చుకునే వీలుంటుంది, కానీ డీడీఆర్5 ర్యామే పెట్టాలి.

ర్యామ్‌కే ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. 2025 చివర్లో ధరలు ఒక్కసారిగా పైకి లేచాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా ముందే కొనేస్తున్నాయి. అందుకే 32 జీబీ కావాలని ఉన్నా 16తో మొదలుపెట్టమన్నాను. 8 చొప్పున రెండు స్టిక్‌లు పెడితే వేగం కొంచెం ఎక్కువ, ముఖ్యంగా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి. కానీ 12400కి పెట్టే చవక హెచ్610 మదర్‌బోర్డుల్లో ర్యామ్ స్లాట్లు సాధారణంగా రెండే. రెండూ 8తో నింపేస్తే రేపు పెంచుకోవాలంటే ఉన్నవి తీసి పారేయాలి. ఒకే 16 పెట్టి రెండో స్లాట్ ఖాళీగా ఉంచడం నాకు మేలనిపిస్తుంది.

స్టోరేజీకి లెక్క చాలా తేలిక. పెళ్లికి మూడు వేల రా ఫైళ్లు, ఒక్కోటి 28 ఎంబీ అనుకుంటే 84 జీబీ. 512 జీబీలో విండోస్, సాఫ్ట్‌వేర్లు పోను నాలుగు పెళ్లిళ్లకే ఇరుకైపోతుంది. కాబట్టి 1 టీబీ. అది సెకనుకి 3500 ఎంబీ వేగమా, 7000 వేగమా అన్నది ఫొటోలకు పెద్దగా తెలియదు, చవకది చాలు. పూర్తయిన పెళ్లిళ్లు హార్డ్ డిస్క్‌లోకి మార్చి, ఇంకో కాపీ విడిగా దాచుకోవాలి. వాళ్ల పెళ్లి మళ్లీ జరగదు కదా.

మధ్యలో వాడి స్నేహితుడెవరో మ్యాక్ మినీ కొనమన్నాడట. మంచి సలహానే. 2024 నవంబరులో వచ్చిన ఎం4 మ్యాక్ మినీ మన దగ్గర 59,900 రూపాయలకు వచ్చింది. 16 జీబీ మెమరీ, చప్పుడు లేదు, కరెంటు తక్కువ, ఎడిటింగ్‌లో నా లిస్టులోని సిస్టమ్ కన్నా వేగం. కానీ స్టోరేజీ 256 జీబీయే, రెండు పెళ్లిళ్లకు నిండిపోతుంది. మెమరీ తర్వాత పెంచుకునే వీల్లేదు. పైగా మానిటర్, కీబోర్డు, మౌస్, బయటి ఎస్‌ఎస్‌డీ అన్నీ కొనాలి. మంచి మానిటర్ ముందే ఉన్నవాళ్లయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. డెబ్బై వేలల్లో అన్నీ కొత్తగా కొనాల్సిన తమ్ముడికి కుదరదు. నలభై వేలే ఉన్నవాళ్లు ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ డెల్, హెచ్‌పీ సిస్టమ్ తీసుకుని, మిగిలింది మానిటర్‌కి పెట్టడం మేలు. అయితే సన్నటి డబ్బా కాకుండా టవర్ చూసుకోవాలి. సన్నవాటిలో పొట్టి కార్డులే పడతాయి.

పోయిన వారం తమ్ముడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లాడు. నేను చెప్పినట్టే పెన్‌డ్రైవ్‌లో ఒక ఆల్బమ్ షీట్ ఫైలు, చేతిలో అదే షీట్ ప్రింటు తీసుకెళ్లాడు. రెండు మానిటర్ల మీదా ఆ ఫైలు తెరిపించి, ప్రింటు పక్కన పట్టుకుని వీడియో కాల్ చేశాడు. "అక్కా, వంపు దాంట్లో చీర బార్డర్ అంతా ఒకటే ఎరుపు. దీంట్లో జరీ గీతలు ప్రింటులో ఉన్నట్టే కనపడుతున్నాయి" అన్నాడు. ఐపీఎస్ మానిటరే ప్యాక్ చేయించుకున్నాడు. కార్డు దసరా దాటాక చూద్దామన్నాడు.