తైచీకి ఫెయ్‌యువె కాన్వాస్ బూట్లు ఎలా ఉంటాయి?
షాంఘైలో పుట్టిన ఈ బూట్లకు, నెమ్మదైన కదలికలతో చేసే చైనా వ్యాయామకళ తైచీలో నేనిచ్చే మార్కులన్నీ ఆ పలచని, చదునైన రబ్బరు అడుగుకే. మడమ ఎత్తుగా ఉండే రన్నింగ్ షూలో ఒళ్లు ముందుకు తూలుతుంది. వీటిలో మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు మూడూ నేలకు ఆనాయో లేదో ఇట్టే తెలిసిపోతుంది.

చిక్కల్లా రబ్బరు పట్టుతోనే. 1956లో కూర్చిన 24 భంగిమల తైచీ వరుసలో, ముందు మోకాలు వంచి నిలబడ్డాక బరువంతా ఆ కాలి మీదే ఉంచి పాదం తిప్పారంటే మోకాలు మెలిపడుతుంది. ముందుగా బరువు వెనక కాలికి మార్చండి. వేళ్లు కాస్త లేపి, మడమ మీద పాదాన్ని 45 డిగ్రీలు బయటికి తిప్పి, అప్పుడు బరువు వేయండి.

గ్రానైట్ నేల మీదైతే బూటు లోపల పరిచే పలచని ఇన్‌సోల్ ఒకటి వేసుకోండి, మందంగా వద్దు. సైజు సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బినప్పుడు చూసుకోవాలి.