లేజర్ కమ్యూనికేషన్ కిట్: కొనొచ్చు, కానీ సెన్సర్ మార్చాలి

విజయనగరం, శ్రీకాకుళం ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టులకు కొంటున్న కిట్ ఇది; ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి అక్షరాలను లేజర్ కాంతితో పంపుతుంది. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, లేజర్‌ని పక్కలకీ పైకీ కిందికీ తిప్పే రెండు ఎస్‌జీ90 సర్వోల (చిన్న మోటార్ల) పాన్-టిల్ట్ స్టాండు, రెండు ఆర్డుయినో ఊనోలు (చిన్న కంట్రోలర్ బోర్డులు), రిసీవర్‌కి ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి నిరోధం మారే సెన్సర్).

అసలు లోపం ఆ ఎల్‌డీఆరే. 9600 బాడ్‌లో, అంటే సెకనుకు 9600 బిట్ల వేగంలో, ఒక్కో బిట్ 104 మైక్రోసెకన్లు. వెలుతురు మారాక ఎల్‌డీఆర్ తేరుకోవడానికే పదుల మిల్లీసెకన్లు పడుతుంది, అందుకే తెర మీద అక్షరాలన్నీ చెత్తగా వస్తాయి. దాని బదులు బీపీడబ్ల్యూ34 ఫొటోడయోడ్‌ని (వేగంగా స్పందించే కాంతి సెన్సర్) రివర్స్ బయాస్‌లో, అంటే ప్లస్ మైనస్‌లు తిరగేసి, 10 కిలోఓమ్ రెసిస్టర్‌తో పెట్టి, ఎల్‌ఎమ్393 కంపారేటర్ (సిగ్నల్‌ని స్పష్టమైన 0, 1లుగా మార్చే చిప్) గుండా ఊనోకి ఇవ్వండి. పగటి వెలుతురు పడకుండా సెన్సర్‌కి నల్ల కాగితం గొట్టం తొడగాలి.

గురి మరో తలనొప్పి. సర్వో ఒక్క డిగ్రీ కదిలితే పది మీటర్ల అవతల చుక్క పదిహేడున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. ఫొటోడయోడ్ వెడల్పు మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు! దాని ముందు 50 మిల్లీమీటర్ల వెడల్పు కుంభాకార కటకం పెడితే చాలా వరకు నయం. ఉపగ్రహాల్లో ఈ పనికి సన్నటి సవరణలు చేసే వేగవంతమైన అద్దం వేరేగా ఉంటుంది. 2023 డిసెంబరులో నాసా సైకీ అంతరిక్ష నౌక 3.1 కోట్ల కిలోమీటర్ల నుంచి లేజర్‌తో సెకనుకు 267 మెగాబిట్లు పంపిందంటే ఆ గురి ఎంత గొప్పదో!

సర్వోలకు కరెంటు ఊనో నుంచి తీయొద్దు, బోర్డు రీసెట్ అవుతుంది. వేరే 5 వోల్టుల సప్లై పెట్టి గ్రౌండ్లు కలపండి. లేజర్‌ని కంటి ఎత్తులో బిగించొద్దు.