ఏప్రిల్‌లోనే పండే పీచ్: ఫ్లోర్డాప్రిన్స్‌తో కొన్నేళ్ల అనుభవం

మధ్య ఫ్లోరిడాలోని మా పెరట్లో కొన్నేళ్లుగా కాస్తున్న ఫ్లోర్డాప్రిన్స్ పీచ్ చెట్టు గురించి, మామిడి, జామల పక్కన దీన్ని కూడా వేయాలనుకునే ఇక్కడి తెలుగువారి కోసం రాస్తున్నాను.

పీచ్ మొగ్గ సరిగా విచ్చుకోవాలంటే చెట్టుకు శీతాకాలంలో కొన్ని వందల గంటల పాటు ఏడు డిగ్రీల సెల్సియస్‌కు దిగువన చలి తగలాలి. మా ప్రాంతంలో అంత చలి ఉండదు. ఈ ఇబ్బందిని దాటడానికే 1950లలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ షార్ప్, కొద్దిపాటి చలికే పూసే దక్షిణ చైనా మూలాల పీచ్‌లను మంచి కాయ కాసే చలి ప్రాంతపు రకాలతో సంకరం చేయడం మొదలుపెట్టారు. వేన్ షెర్మన్ కొనసాగించిన ఆ కృషి ఫలితంగా 1982లో ఫ్లోర్డాప్రిన్స్ వెలువడింది. దీనికి సుమారు 150 గంటల చలి చాలు. పూత నుంచి పండు దాకా పట్టేది దాదాపు 78 రోజులే కనుక జనవరి చివర పూసిన చెట్టు ఏప్రిల్‌లో కోతకు వస్తుంది. పంజాబ్ తోటల్లో కూడా దీన్ని పెంచుతున్నారు.

పండు పసుపు కండతో, మంచి వాసనతో, నోట్లో కరిగిపోయేంత మెత్తగా ఉంటుంది. అయితే త్వరగా పండటానికి మూల్యం ఉంది. కాయ చిన్నది, నిలవ తక్కువ. వేగంగా ఊరే కొన్ని కాయల్లో టెంక గట్టిపడే దశలోనే చీలిపోతుంది. అలాంటి కాయకు తొడిమ దగ్గర సన్నని కన్నం పడి, అందులోంచి చీమలు లోపలికి చేరతాయి.

కాయ పరిమాణం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. కొమ్మ నిండా పట్టిన పిందెలు గోళీకాయంత కాకముందే ఆరు అంగుళాలకు ఒకటి చొప్పున ఉంచి మిగతావి తుంచేయాలి. మనసు ఒప్పని పనే, కానీ తప్పదు. అది చేయలేనివారు ఈ చెట్టు జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కాపు గత ఏడాది పెరిగిన కొమ్మల మీదే వస్తుంది కాబట్టి ఏటా కత్తిరింపులు కూడా అవసరం.

పూత ముందుగా వస్తుంది కనుక చలికాలం చివర్లో కూడా గడ్డకట్టే చలి పడే ఉత్తర ఫ్లోరిడాకు దీన్ని సూచించను. ఇసుక నేలల్లో వేరును పట్టే నులిపురుగులను తట్టుకోవాలంటే ఫ్లోర్డాగార్డ్ అనే వేరుమూలం (అంటుకు కింద వేళ్లనిచ్చే మొక్క) మీద కట్టిన అంటునే అడిగి కొనాలి. ఆ వేరుమూలం ఆకు ఎర్రగా ఉంటుంది. అంటు కింది నుంచి ఎర్ర చిగురు వస్తే వెంటనే తీసేయాలి.