రెండున్నరేళ్లోడి మొండితనానికి చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్: మా రివ్యూ

ఐదుకి నాలుగు. నాలుగూ డాక్టర్ మేడంకే, పోయిన ఒకటి రిసెప్షన్ వాళ్ల ఖాతాలో వేసుకోండి.

మా వాడు కొరుకుతాడు, కంచం విసిరేస్తాడు, కాదంటే నేల మీద పడి దొర్లుతాడు. అత్తయ్యగారు దిష్టి తీశారు, మా అమ్మేమో గారాబం ఎక్కువైంది రెండు తగిలించమంది, ప్లేస్కూల్ వాళ్లు హైపర్ యాక్టివ్ ఏమో చూపించండి అని ఒక మాట వదిలేశారు, ఇంక ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. సరే అని కూకట్‌పల్లి వైపున్న ఈ సెంటర్‌కి తీసుకెళ్లాం.

మేడం వాడికి బొమ్మలిచ్చి వదిలేసి మమ్మల్ని పట్టుకుంది. ఎన్నింటికి పడుకుంటాడు, పాలు ఎన్ని తాగుతాడు, మోషన్ ఫ్రీగా అవుతుందా, మట్టి సుద్ద తింటాడా, జలుబు మాటిమాటికీ చేస్తుందా. అల్లరి గురించి వస్తే మోషన్ గోలేంటి అన్నట్టు మా ఆయన నా వైపు చూశారు. కానీ లాజిక్ ఉంది, పాలు రోజుకి అర లీటరు దాటితే అన్నం సహించదు, ఐరన్ తగ్గుతుంది, ఐరన్ తక్కువైన పిల్లలు ఊరికే చిరాకు పడతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత అని తేలింది, కాబట్టి బ్లడ్ టెస్ట్ రాయగానే డబ్బులు గుంజుతున్నారు అనుకోకండి. నిద్ర ఈ వయసులో పగటిది కలిపి 11 నుంచి 14 గంటలు ఉండాలంట, మా ఇంట్లో పదకొండింటి దాకా టీవీ మోగుతూనే ఉంటుంది.

అసలు విషయం చెవిలో బయటపడింది. వెనక నుంచి మెల్లగా గిలక్కాయ ఆడిస్తే వాడు తిరగలేదు. ఈఎన్‌టీ దగ్గరికి పంపితే చెవికి చిన్న రబ్బరు మొన ఆనించి టెస్ట్ చేశారు, స్క్రీన్ మీద కొండలా లేవాల్సిన గీత బల్లపరుపుగా వచ్చింది, అంటే జలుబు తగ్గినా కర్ణభేరి వెనక నీరు ఉండిపోయిందంట. చాలామందికి మూడు నెలల్లో దానంతటదే పోతుంది, పోకపోతే అప్పుడు చూద్దాం అన్నారు. పిలిస్తే పలకడు, పొగరు అనేవాళ్లు ఇంట్లో అందరూ! మాటలూ తక్కువే కదా, నోట్లోంచి రావాల్సింది పళ్లలోంచి వస్తోంది పాపం.

ఇంకోటి నాకు బాగా నచ్చింది, కొరికినప్పుడల్లా మూడు ముక్కలు రాయమన్నారు: దానికి ముందు ఏమైంది, వాడేం చేశాడు, తర్వాత మనమేం చేశాం. పాత క్యాలెండర్ కాగితం వెనక రాశా. దాదాపు అన్నీ సాయంత్రం ఆకలేసే టైమ్‌లోనే, ఫోన్ లాక్కున్నాకే, మూడో గడిలో ప్రతిసారీ "నాయనమ్మ మళ్లీ ఫోన్ ఇచ్చింది". ఆ కాగితం చూశాక అత్తయ్యగారికి ఎవరూ క్లాస్ పీకాల్సిన పని రాలేదు. ఇప్పుడు వాడి చేతిలోంచి ఫోన్ తీసుకునే ముందే ఈ పాట అయిపోగానే ఆపేస్తాం అని చెప్తాం, కొరికితే వంగి కళ్లల్లోకి చూసి "కొరకొద్దు, నొప్పి" అంతే, ఉపన్యాసం లేదు. మొదట్లో గోల ఇంకా పెరుగుతుంది, అప్పుడు భయపడి ఇచ్చేస్తే గట్టిగా ఏడిస్తే వస్తుందని నేర్చుకుంటారని ముందే చెప్పారు, నిజంగానే పెరిగింది, ఆ వారం అపార్ట్‌మెంట్ మొత్తానికి మేం తెలిసిపోయాం. కొరకడం బాగా తగ్గింది. కంచం ఇంకా ఎగురుతోంది.

ఇక స్టార్ ఎందుకు కట్ చేశానంటే, అపాయింట్‌మెంట్ ఉన్నా బోలెడు సేపు కూర్చోబెట్టారు, పైగా లోపల రోజుకి గంట మించి స్క్రీన్ వద్దంటారు, బయట హాల్లో ఫుల్ సౌండ్‌తో కార్టూన్లు! డాక్టర్ చూడకముందే థెరపీ ప్యాకేజ్ బ్రోచర్ చేతిలో పెట్టారు, మొహమాటపడకుండా వద్దనండి, మేడం అయితే మాకు థెరపీయే రాయలేదు. ఫీజు భారం అనుకుంటే జిల్లా స్థాయి ప్రభుత్వాసుపత్రుల్లో ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం) కింద డీఈఐసీలు, అంటే పిల్లల ఎదుగుదల సమస్యల్ని ముందే గుర్తించి చూసే జిల్లా కేంద్రాలు ఉంటాయి, పిల్లల ఎదుగుదల, వినికిడి ఫ్రీగా చూస్తారు, అంగన్‌వాడీలో అడిగినా చెప్తారు.

వెళ్లేవాళ్లు పొద్దున ఫస్ట్ స్లాట్ అడగండి, పాత ప్రిస్క్రిప్షన్లు పట్టుకెళ్లండి, తినడానికి ఏదైనా బ్యాగ్‌లో పెట్టుకోండి. కార్ పార్కింగ్ లేదు.