ఏడో తరం ల్యాప్‌టాప్‌తో ఇన్నేళ్లు: కొత్తది కొనాలా, ఆగాలా?

2017లో కొన్న ల్యాప్‌టాప్ ఇది. ఇంటెల్ ఏడో తరం కోర్ ఐ5, 8 జీబీ ర్యామ్, ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్. రాత పని, లెక్కల పట్టికలు, వీడియో సమావేశాలు, అప్పుడప్పుడు ఫొటోలు సరిచేయడం అన్నీ దీని మీదే. ఆటలు ఆడను. ఆడేవారికి నా లెక్క పనికిరాదు.

కొన్నేళ్లకే నత్తనడక పట్టింది. ఆన్ చేసి, ముఖం కడుక్కుని వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. పాతబడింది, మార్చేయమన్నారు చూసినవారంతా. ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపే విండోస్ టాస్క్ మేనేజర్ మాత్రం ఇంకోలా చెప్పింది. ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంది, డిస్క్ నూటికి నూరు దగ్గర బిగుసుకుపోయింది. నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం మీద ముల్లు ఒక్కో ముక్క కోసం అటూ ఇటూ కదలాలి. సెకనుకు వంద చోట్ల చదవడమే దానికి గగనం. హార్డ్ డిస్క్‌కు బదులుగా వాడే, చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు కాబట్టి అదే సెకనులో వేల చోట్ల చదువుతుంది. ఎస్‌ఎస్‌డీ బిగించాక ఇదే ప్రాసెసర్, ఇదే ర్యామ్‌తో యంత్రం లేచి కూర్చుంది. ఆ ఒక్క మార్పుతో కొత్తది కొనే ఆలోచన ఏళ్ల తరబడి వాయిదా పడింది.

బ్యాటరీ సంగతి మామూలే. విండోస్ ఇచ్చే బ్యాటరీ నివేదికలో తయారీనాటి సామర్థ్యం, ఇప్పుడు నిండుతున్న సామర్థ్యం పక్కపక్కనే కనిపిస్తాయి. రెండోది సగానికి పడిపోయాక మార్పించాను. ఫ్యాన్‌లో దుమ్ము దులిపించి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్పించాక రొద తగ్గింది. నాకు నిజంగా కోపం తెప్పించింది తెరను పట్టుకునే మడత బందు. దాని స్క్రూలు దిగిన ప్లాస్టిక్ పగిలితే, ఆ చిన్న ముక్కకు పై భాగం మొత్తం మార్చాలన్నారు సర్వీసు సెంటర్లో. మూత తెరిచినప్పుడల్లా ఇప్పటికీ కిర్రుమంటుంది.

ఇన్నిటినీ తట్టుకున్న యంత్రానికి అసలు గండం సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అర్హత. అది అడిగే భద్రతా చిప్ టీపీఎం 2.0 నా దాంట్లో ఉంది, అయినా ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ అనుమతించిన జాబితాలో లేదు. ఒక్క తరం తేడాతో గీతకు అవతల ఉండిపోయాను. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా గడువు దొరికింది. విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ కూడా వేసి చూశాను, హాయిగా నడిచింది. కానీ నాకు తప్పనిసరైన ఒక లెక్కల ప్రోగ్రాం విండోస్ మీదే పనిచేస్తుంది.

గడువు ఉంది కదా, అప్పటిదాకా ఆగుదామనే ఎవరికైనా అనిపిస్తుంది. ఆగితే ధర తగ్గుతుందన్నది కంప్యూటర్ల విషయంలో చాలాకాలం నిజమైన మాట. ఇప్పుడు దాన్ని నమ్మలేం. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లలో అత్యధిక భాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ సంస్థలవే. కృత్రిమ మేధ డేటా సెంటర్లు వాటి ఉత్పత్తిని ఎగరేసుకుపోతుంటే 2025 చివర్లో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. మైక్రాన్ అయితే మామూలు కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. వచ్చే ఏడాది కొత్త చిప్ వస్తుందని ఆగడం మరీ వృథా, అది ప్రతి ఏడాదీ వస్తూనే ఉంటుంది.

అందుకే నేను గడువు చివరి వారం దాకా చూడను, ఈలోపే కొంటాను. మీది ఎనిమిదో తరమో ఆ పైదో అయి, లోపల ఇంకా హార్డ్ డిస్కే తిరుగుతుంటే మాత్రం కొత్తది వద్దు, ఎస్‌ఎస్‌డీ చాలు. కొనేవారు ప్రాసెసర్ పేరు కన్నా ముందు ర్యామ్ గురించి అడగండి. పలుచటి మోడళ్లలో చాలావాటికి దాన్ని మదర్‌బోర్డుకే అతికిస్తున్నారు, తర్వాత పెంచుకునే వీలుండదు. అలాంటిదైతే 16 జీబీకి తక్కువ తీసుకోవద్దు. స్లాట్ ఉన్నది దొరికితే కాస్త బరువైనా నేను దానికే మొగ్గుతాను. ఇక ఆ మడత బందును దుకాణంలోనే నాలుగుసార్లు తెరిచి మూసి చూస్తాను.