నాలుగేళ్లుగా ఇంటి సామానుతోనే బండి దుమ్ము దులుపుతున్నాను

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి మెట్ల కింద ఉండే నా 150 సీసీ బండి వారానికి ఆరు రోజులు మంగళగిరి మీదుగా విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి వస్తుంది. ఒకవైపే 35 కిలోమీటర్లకు పైన ఉండే ఈ దారిలో ఇసుక లారీల వెనుక కొంత దూరమైనా నడపక తప్పదు కాబట్టి, సాయంత్రం ఇంటికి చేరేసరికి ట్యాంకు మీద వేలితో పేరు రాసుకోవచ్చు. మొదట్లో వారానికోసారి వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చేవాణ్ణి. ఒకచోట పంపు నీళ్లు మరీ దగ్గరగా కొట్టడంతో స్పీడోమీటరు అద్దం లోపల తేమ పట్టి, మూడు రోజుల పాటు అంకెలు కనిపించలేదు. ఆ తరువాత నుంచి రోజువారీ దుమ్ముకు ఇంట్లో ఉన్న వస్తువులనే వాడుతున్నాను.

అందరిలాగే నేనూ పాత బనియనుతోనే మొదలుపెట్టాను; నా అనుభవంలో అంతకంటే చెడ్డ పనిముట్టు లేదు. గుడ్డ మెత్తగానే ఉంటుంది కానీ, రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక రేణువులు పెయింటుపై ఉండే పారదర్శకమైన పూత కంటే గట్టివి. పొడిగుడ్డతో రుద్దితే ఆ రేణువులు ఉప్పుకాగితంలా పనిచేస్తాయి. ఏడాది తిరిగేసరికి, మే నెల ఎండలో పక్కవాటంగా చూస్తే ట్యాంకు నిండా సాలెగూడు వంటి సన్నని గీతలు కనిపించాయి.

తరువాత అమ్మ బూజుకర్ర తలను ఊడదీసి వాడి చూశాను. దుమ్ము లేస్తుంది, గాలిలో తిరుగుతుంది, పది నిమిషాల్లో మళ్లీ అక్కడే వాలుతుంది. పైగా ప్లాస్టిక్ భాగాలను పొడిగా రుద్దితే వాటిపై స్థిర విద్యుత్తు పుట్టి, దుమ్మును మరింత లాక్కుంటుంది. రెండు నెలలకే దాన్ని బూజు పనికే తిరిగి అప్పగించాను.

నా మెప్పు పొందినది గోడలకు రంగులు వేసే రెండంగుళాల బ్రష్షు. ఇంజను రెక్కల మధ్య, సీటు అంచు కింద, హ్యాండిల్ స్విచ్చుల చుట్టూ, నంబరు ప్లేటు వెనుక ఏ గుడ్డా చేరని చోట్లకు దాని వెంట్రుకలు చేరతాయి. వెంట్రుకలను పట్టి ఉంచే రేకు పట్టీ పెయింటుకు తగిలి గీసుకుంటుందని ఒకసారి దెబ్బ తిన్నాక తెలిసింది. అప్పటి నుంచి దానికి పాత సైకిల్ ట్యూబు ముక్కను చుట్టి ఉంచుతున్నాను. పైభాగాలకు ఒకటి, చైను దగ్గరి నూనె మురికికి మరొకటి విడివిడిగా ఉండాలి. ఒక్కసారి కలిసినా ట్యాంకు మీద నూనె చారలు పడతాయి. ఇంజను చల్లారిన తరువాతే బ్రష్షు పెట్టాలి. వేడి సైలెన్సరుకు తగిలి నా మొదటి బ్రష్షు వెంట్రుకలు ముద్దకట్టి పోయాయి.

బ్రష్షు తరువాత మైక్రోఫైబర్ గుడ్డ. ఇస్త్రీ బట్టలపై నీళ్లు చల్లే సీసాతో ట్యాంకును కొద్దిగా తడిపి, గుడ్డను నాలుగు మడతలు వేసి, ఒత్తిడి లేకుండా ఒకే దిక్కుకు లాగి, మురికైన మడతను వెంటనే తిప్పేయాలి. ఈ గుడ్డను తువ్వాళ్లతో కలిపి ఉతికితే నూలు పీచు మొత్తం దానికే అంటుకుంటుంది. బట్టలను మెత్తబరిచే ద్రావణం వేస్తే దుమ్మును పట్టే గుణం పోతుంది. మిరప సీజనులో ఇంకో జాగ్రత్త కూడా కావాలి: మిర్చి బస్తాల లారీ వెనుక వచ్చిన రోజు బండి తుడిచిన గుడ్డను అమ్మ తెలియక స్టవ్ గట్టు తుడవడానికి తీసుకుంది. "నీ బండి గుడ్డలు నా వంటింట్లోకి రానిచ్చావంటే చూడు" అన్న హెచ్చరిక ఇప్పటికీ అమలులో ఉంది.

వాక్యూమ్ క్లీనర్‌ను గాలి ఊదే వైపు తిప్పి వాడటం బండి కడిగిన తరువాత బోల్టుల గుంతల్లో నీటిని తరమడానికి బాగుంది. దుమ్ముకు మాత్రం అనవసరపు హంగామా. వైరు కింది వరకు చాలదు, లేచిన దుమ్ము పై వాటావాళ్లు ఆరేసిన బట్టలపై వాలుతుంది.

ఫర్నిచర్ పాలిష్ జోలికి అసలు వెళ్లకండి. సీటుకు పట్టించిన రోజున బ్రేకు వేసినప్పుడల్లా జారి ట్యాంకుకు ఆనుకున్నాను. మెరుపు లేని మ్యాట్ పెయింటుపై పడితే మరకలాగా మెరుస్తుంది. బ్రేకు డిస్కుపై పడితే బండి ఆగదు. గిన్నెల సబ్బు మురికిని వదిలిస్తుంది కానీ ట్యాంకుపై ఉన్న మైనపు పూతను కూడా తీసుకుపోతుంది.

ఇప్పుడు రోజూ బ్రష్షుకూ గుడ్డకూ కలిపి ఏడెనిమిది నిమిషాలు పడుతోంది. నీటితో కడగడం నెలకొకసారికి తగ్గింది. బ్రష్షులకూ మూడు గుడ్డలకూ నాలుగేళ్లలో పెట్టిన ఖర్చు మూడు సర్వీసింగ్‌ల ఖర్చుకు మించలేదు. కొత్త గీతలు పడలేదు. బనియను మిగిల్చిన గీతలు మాత్రం పెట్రోలు మూత చుట్టూ అలాగే ఉన్నాయి.