స్ట్రట్ థ్రెడ్‌ని బతికించిన ఆకురాయి: వాడి చూసి చెబుతున్నా

ఈ థ్రెడ్ ఫైల్, అంటే నలిగిన థ్రెడ్‌ని (మరచుట్లని) సరిచేసే ఆకురాయి, నా పనిముట్ల పెట్టెలోకి రావడానికి కారణం మా బావమరిది. కారు ముందు చక్రం వైపు స్ట్రట్ (స్ప్రింగ్‌తో కూడిన షాక్ అబ్జార్బర్) టాప్ మౌంట్, అంటే దాన్ని పైన బాడీకి పట్టి ఉంచే భాగం మార్చి, కొత్త నైలాన్ నట్‌ని (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేది) నేను చేత్తో తిప్పుతుంటే, "బావా, రెండు సెకన్ల పని" అంటూ ఇంపాక్ట్ గన్ (నట్లు బిగించే మెషిన్) పెట్టాడు. నట్ వంకరగా ఎక్కింది. వెనక్కి తీసి చూస్తే స్ట్రట్ కడ్డీ పైన మొదటి మూడు చుట్లు నలిగిపోయి ఉన్నాయి. కింద మాత్రం థ్రెడ్ చెక్కుచెదరలేదు.

ముందు డై (కడ్డీ మీద తిప్పి థ్రెడ్ కోసే పనిముట్టు) వేద్దామనుకున్నాను. చిక్కేమిటంటే డై నిటారుగా మొదలవ్వాలంటే ఆ మొదటి చుట్లే దానికి దారి చూపాలి, పాడైనవి కూడా అవే. కాస్త వంకరగా కూర్చుంటే పాత గాడిని వదిలేసి కొత్త గాడి కోసేస్తుంది. పావు చుట్టు తిప్పేసరికి అనుమానం వచ్చి ఆపేశాను.

థ్రెడ్ ఫైల్ చూడటానికి మామూలు నలుపలకల ఆకురాయిలాగే ఉంటుంది. రెండు చివర్లా నాలుగేసి ముఖాలు, మొత్తం ఎనిమిది పిచ్‌లు (పిచ్ అంటే పక్కపక్క చుట్ల మధ్య దూరం). నా దాంట్లో 0.75 మి.మీ. నుంచి 3 మి.మీ. వరకు ఉన్నాయి. దీనికి బోల్టు లావుతో పని లేదు, పిచ్ సరిపోతే చాలు. పళ్లలో కొన్నిటిని బాగున్న చుట్లలో కూర్చోబెట్టి, మిగతావాటిని నలిగిన చుట్ల మీదకు వచ్చేలా పెట్టి రుద్దాలి. మంచి థ్రెడ్డే దారి చూపిస్తుంది. డైకి లేనిదీ దీనికి ఉన్నదీ ఇదే.

పిచ్ దగ్గర నేనూ తప్పటడుగు వేశాను. నా కడ్డీది 12 మి.మీ. థ్రెడ్, పిచ్ 1.25. నేను 1.5 ముఖం పెట్టాను. మొదటి రెండు పళ్లు కుదిరినట్టే ఉన్నాయి, ఆపైవి గాల్లో తేలాయి. అప్పుడు స్కేలు పెట్టి కొలిచాను: పది పిచ్‌లకు 12.5 మి.మీ. వచ్చింది. 1.5 అయితే 15 రావాలి. ఫైల్ మీద చెక్కిన అంకెలు మరీ సన్నం, నూనె చేతులతో తడుముకుంటే కనబడవు. దీనికి ఒక మార్కు కోస్తున్నా.

పని మొదలుపెట్టే ముందు స్ప్రింగ్ కంప్రెసర్‌ని నెమ్మదిగా వదులు చేసి స్ప్రింగ్‌ని పూర్తిగా పక్కకు తీసేశాను. బిగించిన స్ప్రింగ్ పక్కన కూర్చుని తాపీగా రాకడం నా వల్ల కాదు, టెన్షన్‌తో చేతులు వణుకుతాయి. కడ్డీ నున్నటి భాగానికి గుడ్డ చుట్టి టేపు వేశాను. అక్కడ ఒక్క గీత పడినా ఆయిల్ సీల్ చిరిగి స్ట్రట్ కారుతుంది. ప్లయర్‌తో ఆ కడ్డీని పట్టుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పైన అలెన్ కీ పట్టే గుంట ఇచ్చింది దేనికి?

ఆ కీతోనే కడ్డీని కొంచెం కొంచెం తిప్పుతూ, ఫైల్‌ని మాత్రం ఒకే చోట ఉంచి రాకాను. ముందుకు తోసేటప్పుడే ఒత్తిడి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తేయాలి. కడ్డీ ఉక్కు గట్టిది కాబట్టి తొందరపడితే ఫైల్ పళ్లే మొద్దుబారతాయి. నాకు నలభై నిమిషాలు పట్టింది. మధ్యమధ్య బ్రష్‌తో రజను తుడిచి, నైలాన్ లేని మామూలు నట్ ఒకటి వేసి చూస్తూ వచ్చాను. మొదట అర చుట్టు, తర్వాత రెండు, ఆఖరికి వేళ్లతోనే కిందిదాకా దిగింది.

కొత్త నైలాన్ నట్ తెచ్చి, మాన్యువల్లో చెప్పిన టార్క్‌కి బిగించాను. వీల్ అలైన్‌మెంట్ కూడా చూపించాను. ఇప్పటికైతే చప్పుడు లేదు, నట్ కదల్లేదు.

అన్ని కడ్డీలకూ ఇది మందు కాదు. ఇది నలిగిన లోహాన్ని సర్దుతుందే గానీ పోయిన లోహాన్ని తేలేదు. నట్ కూర్చునే చోటే థ్రెడ్ ఊడిపోతే స్ట్రట్ మార్చాల్సిందే. వెల్డింగ్ చేయించే ఆలోచన అసలు వద్దు, వేడికి ఉక్కు బలమూ పోతుంది, సీలూ పోతుంది. నట్ లోపలి థ్రెడ్‌కి కూడా ఇది పనికిరాదు.

ఐదుకి నాలుగు ఇస్తాను. బావమరిది అడిగాడు గానీ, ఫైల్ అరువివ్వలేదు.